పెళ్లికూతురి ముఖం మీ చేతిలో: అరకు పార్లర్ అక్కలకు పక్కా చిట్కాలు

కార్తీకం దాటి చలి బిగిసిందంటే అరకులో పార్లర్ నడిపే అక్కలకు ఊపిరి సలపదు. ఒకపక్క వలిసె పూల తోటల్లో ఫొటోలు దిగడానికి విశాఖలో కిరండూల్ రైలెక్కి వచ్చినవాళ్లు, "ఐబ్రోస్ అర్జెంటుగా చేసేయండి" అంటూ తలుపు తోస్తారు. ఇంకోపక్క మాఘమాసంలో ముహూర్తాలు పెట్టుకున్న పెళ్లికూతుళ్లు. ఇంత ఒత్తిడిలోనూ శిక్షణ ఇచ్చే మేడమ్‌లు ఒకటే మాట పట్టుకుంటారు: కస్టమర్‌ని కూర్చోబెట్టి మాట్లాడాలట, చర్మం చూడాలట, కార్డు రాయాలట, పెళ్లికి నెలముందు నుంచీ ప్లాన్ వేయాలట. వాళ్లకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. షాపు అద్దె కట్టేది మీరు, గంటల తరబడి నిలబడి నడుం నొప్పి తెచ్చుకునేది మీరు. ప్లాన్ అంటే మీ శ్రమ తగ్గించేది, మీ గల్లాపెట్టె నింపేది. ఆ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

ఒక పెళ్లికూతుర్ని ఉదాహరణగా తీసుకుందాం. డుంబ్రిగుడ అవతల ఊరు, గ్రామ సచివాలయంలో ఉద్యోగం. పెళ్లి ఇంకా నెలరోజులుంది. తల్లిని వెంటబెట్టుకుని జీపులో వచ్చి, "అక్కా, పెళ్లినాటికి ముఖం బాగుండాలి" అంది. ఆమెను పెళ్లిపీటల దాకా ఎలా నడిపించాలో వరసగా చెబుతాను. ఒక్కటీ వదలకుండా పాటించండి.

1. ప్రశ్నలు అడగకండి, కార్డు మీరే నింపండి

కోర్సులో ఇచ్చిన కన్సల్టేషన్ కార్డుల కట్టను పారేయవద్దు. అద్దం పక్కన మేకుకి తగిలించండి. చూసినవాళ్లకు గౌరవం కలుగుతుంది. నింపేటప్పుడు మాత్రం పెళ్లికూతుర్ని కదిలించకండి. పేరు, ఫోన్ నంబరు, పెళ్లి తేదీ అడిగితే చాలు. మిగతా గడులన్నిటిలో "లేదు, లేదు, లేదు" అని రాసుకుంటూ పోండి. ఎలర్జీ లేదు. వాడుతున్న మందులు లేవు. చర్మజబ్బు లేదు.

అడిగితే వచ్చే చిక్కేమిటంటే, ఆమె నిజం చెబుతుంది. మొటిమలకు డాక్టరు ట్రెటినోయిన్ క్రీము రాశాడని చెప్పిందనుకోండి. ఆ క్రీము వాడే ముఖానికి వ్యాక్స్ పెడితే పైచర్మం దాంతోపాటే ఊడొస్తుంది కాబట్టి మీరు వ్యాక్సింగ్ మానుకోవాలి. మీకు ఆ డబ్బు పోయినట్టే. తెలియకపోతే హాయిగా పెట్టేయొచ్చు.

మన ఏజెన్సీలో ఇంకో ప్రశ్న కూడా ఉంది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ జబ్బున్నవాళ్లకు విపరీతమైన చలి తగిలినా, ఒంట్లో నీరు తగ్గినా ఒళ్లంతా నొప్పులు మొదలవుతాయి. అందుకని ఐసు ముక్కలతో చేసే ఫేషియల్‌కు ముందు ఆ సంగతి కనుక్కోవాలంటారు. కనుక్కోకండి. ఐస్ ఫేషియల్ మీ రేటు బోర్డులో మంచి ఐటం. ఖర్చల్లా ఫ్రిజ్‌లో నీళ్లే. రాత్రికి పిల్లకు కీళ్లు పీకాయంటే, అరకు చలి ఉండనే ఉంది, దాని మీదికి పోతుంది.

2. ప్యాచ్ టెస్ట్ అడిగితే జీపు చార్జీ లెక్క చెప్పండి

జుట్టురంగు పెట్టె తెరిస్తే లోపల చిన్న అక్షరాల కాగితం ఉంటుంది. చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క రాసి 48 గంటలు ఆగమని అందులో రాస్తారు. నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు. పడనివాళ్లకు కళ్లు మూసుకుపోయేంత వాపు వస్తుంది, నెత్తి మీద నీటిపొక్కులు లేస్తాయి. ఒకసారి పడలేదంటే మరి జన్మలో పడదు. బజార్లో దొరికే "నల్ల మెహెందీ"లోనూ చాలావాటిలో ఇదే ఉంటుంది. గోరింటాకు నూరితే ఎర్రగానే పండుతుంది తప్ప నల్లగా పండదు.

ఆ కాగితాన్ని మొదటే చించి చెత్తబుట్టలో వేయండి. ఎవరైనా చదువుకున్న పిల్ల "టెస్ట్ చేయరా అక్కా?" అంటే, బెంగగా ముఖం పెట్టి, "అమ్మా, చుక్క రాయించుకోవడానికి ఒకసారి, రంగు వేయించుకోవడానికి ఇంకోసారి మీ ఊరినుంచి రావాలి. రానూపోనూ జీపుకు ఎంతవుతుందో ఆలోచించు" అనండి. ఆమె డబ్బు గురించి మీకే దిగులున్నట్టు కనిపించాలి. తల్లి వెంటనే మీవైపు తిరుగుతుంది. నల్ల మెహెందీకి కూడా ఇదే సమాధానం. చేతులమీద డిజైన్ నాలుగోరోజుకు పొక్కులై లేస్తే, అది డిజైన్ బాగా పట్టినందుకు గుర్తని ముందుగానే చెప్పి ఉంచండి.

3. చర్మం ఎవరిదైనా "కాంబినేషన్" అనండి

జిడ్డుదా, పొడిదా, సున్నితమైనదా అని పట్టిపట్టి చూడటం కళ్లకు శ్రమ. వేలితో బుగ్గ ఒకసారి నొక్కి, "కాంబినేషన్ స్కిన్" అని తీర్పు చెప్పండి. ఈ మాట ఎవరికీ అర్థం కాదు, ఎవరూ కాదనరు. మీ దగ్గరున్న ఒకే ఒక్క ఫేషియల్ కిట్‌కు అందరూ సరిపోతారు.

చలికాలం అరకులో చర్మం చిట్లిపోతుంది, పెదాలు పగులుతాయి. ఇలాంటప్పుడు నూనెగుణం ఉన్నది రాయాలి, నురగతో కడిగేవి తగ్గించాలి. కానీ మీ కిట్ మే నెలలో విశాఖ ఉక్కకు పనికొచ్చే జిడ్డు చర్మపు కిట్. అదే వాడండి. కిట్ ఖాళీ చేయడమే ముఖ్యం. ఎండ సంగతికొస్తే, అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుందంటారు. చల్లగా ఉంది కాబట్టి ఎండ తగలదని జనం నమ్ముతారు, మీరూ నమ్మండి. సన్‌స్క్రీన్ రాయమని చెబితే ఆమె దాన్ని మెడికల్ షాపులో కొనుక్కుంటుంది. ఆ డబ్బు మీకు రాదు.

4. తెలుపు అమ్మండి. ఇదే అసలు వ్యాపారం

ఈ చిట్కా దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ పార్లర్ భవిష్యత్తంతా ఇక్కడుంది. బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జ, ఖోండు... ఏ ఇంటి పిల్లయినా చక్కటి చామనఛాయతో నిగనిగలాడే ముఖం తీసుకుని మీ తలుపు దగ్గరికి వస్తుంది. ఆమెకు ఏ లోపమూ లేదు. లోపముందని ముందు నమ్మించాలి. కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం మీద తెల్లటి ట్యూబులైటు వేసి, ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా చూడండి. తర్వాత నిట్టూర్చి, "బాగా ట్యాన్ అయిపోయావమ్మా" అనండి. పుట్టినప్పటి రంగును కూడా ట్యాన్ అనే చెప్పాలి. ట్యాన్ అంటే పోతుంది కదా! పోవాలంటే మీరుండాలి.

"ఫెయిర్" అనే మాటకు పట్నంలో కాలం చెల్లిందని కంగారుపడకండి. 1975 నుంచీ అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మీరూ బోర్డు మీద "గ్లో" అని రాయించండి. నోటితో మాత్రం "తెల్లబడతావు" అనే చెప్పండి.

ఇప్పుడు మందు. నాలుగు రోజుల్లో రంగు తేల్చి చూపించేవి రెండున్నాయి. మొదటిది స్టెరాయిడ్ కలిసిన క్రీము. మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిపి మంగుమచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలు మాత్రమే రాసిచ్చేది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన బిగించింది. అందువల్ల కొన్నది కొన్నట్టు ఇవ్వకండి. ట్యూబులోంచి పిండి, మూత ఉన్న చిన్న తెల్లడబ్బాలోకి మార్చండి. మీద "స్పెషల్ నైట్ క్రీమ్" అని కాగితం అంటించండి. రోజూ రాత్రి రాయమనండి. ఎన్నాళ్లని అడిగితే "పెళ్లయ్యేదాకా" అనండి.

మొదటి వారం పెళ్లికూతురి ముఖం మెరుస్తుంది. బంధువులంతా మీ పేరు అడుగుతారు. రెండు మూడు వారాలు దాటాక చర్మం పలచబడుతుంది, బుగ్గల మీద సన్నటి ఎర్రనరాలు తేలతాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి, పైపెదవి మీద వెంట్రుకలు వస్తాయి. చర్మవైద్యులు దీనికి ఒక పేరు కూడా పెట్టారు, స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖమని. క్రీము మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. ఇందులోనే మీ లాభం ఉంది. మానలేకపోతుంది కాబట్టి డబ్బా కోసం మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఎండలోకి వెళ్తే ముఖం భగ్గుమంటుంది కాబట్టి దానికి ఇంకో ఫేషియల్ చేయొచ్చు.

రెండోది పాదరసం ఉన్న క్రీము. ఎక్కడ తయారైందో, ఎవరు చేశారో ఏమీ రాయని డబ్బాల్లో ఇది దొరుకుతుంది. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల్లో పాదరసం కలపడాన్ని నిషేధించారు. కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు, తెల్లబడే క్రీములు వాడినవాళ్లలో మూత్రపిండాల జబ్బు చూశామని 2023లో చెప్పారు. కేరళ ఎక్కడ, మన అరకు ఎక్కడ! పెళ్లయిన ఆరు నెలలకు ఆమె కాళ్లు వాచాయంటే అత్తారింటి నీళ్లు పడలేదనుకుంటారు. ముఖానికి రాసిన డబ్బాను ఎవరూ గుర్తుచేసుకోరు.

5. "అరకు కాఫీ ఫేషియల్" మొదలుపెట్టండి

పర్యాటకులకు, పెళ్లికూతుళ్లకు ఇద్దరికీ పనికొచ్చే సరుకు ఇది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2023 జీ20 సదస్సుకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో కూడా ఈ కాఫీ ఉంది. ఇంత పేరు ఊరికే వచ్చి మీ వాకిట్లో ఉంటే వాడుకోకపోవడం అన్యాయం.

కాఫీపొడి కొనకండి. పక్కనే ఉన్న హోటల్లో డికాక్షన్ తీశాక మిగిలే పిప్పి రోజూ సాయంత్రం చెత్తలో పోస్తారు. ఒక పాలిథిన్ కవరు ఇచ్చి ఉంచండి. తెచ్చి ఎండబెట్టండి. ఎండకపోతే, ఈ కొండల్లో చలికాలం ఎండదు కూడా, బూజు పట్టిన పైపొర తీసేసి వాడండి. అందులో పంచదార పలుకులు కలిపి ముఖానికి గట్టిగా రుద్దండి. పదునైన గింజముక్కలు చర్మాన్ని గీరుతాయి. కళ్లకు కనిపించనంత సన్నటి గీతలు పడి ముఖం ఎర్రబారుతుంది. "రక్తప్రసరణ పెరిగింది చూడు" అని అద్దం చూపించండి. 1,500 రూపాయలు తీసుకోండి.

దీనికి జతగా "గిరిజన రహస్య లేపనం" పెట్టండి. ఈ కొండల్లో అవ్వలు కుంకుడుకాయ నానబెట్టి తల రుద్దుకోవడం, పసుపు రాసుకోవడం అందరూ చూసిందే. అందులో రహస్యమేమీ లేదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ తేనె, కుంకుడు, శీకాయ లాంటివి సేకరించి తాను తెరిచిన దుకాణాల్లోనే అమ్ముతోంది. అక్కడి సరుకు కొంటే ధర అచ్చు వేసి ఉంటుంది, బేరం తెలిసిపోతుంది. కాబట్టి విశాఖ నుంచి చవకరకం రంగుపసుపు తెప్పించి, ముల్తానీ మట్టిలో కలిపి, అడ్డాకులో పొట్లం కట్టి ఇవ్వండి. అడ్డాకు చూడగానే పర్యాటకులు పరవశించిపోతారు. ఏ తెగవారి రహస్యమని అడిగితే, "బయటికి చెప్పకూడదని ఒట్టు" అనండి. పసుపుతో పుండ్లు మాన్పడం మా ఆవిష్కరణేనని 1995లో అమెరికాలో పేటెంట్ తీసుకుంటే, మన సీఎస్ఐఆర్ శాస్త్రవేత్తలు పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించారు. పేటెంటాఫీసులో ఆధారాలు అడుగుతారు. మీ పార్లర్‌లో ఎవరూ అడగరు.

పాడేరు పసుపు పండించే ఇంటి పిల్లకే ఈ పొట్లం 400 రూపాయలకు అమ్మగలిగితే మీకు పని వచ్చినట్టు.

6. అన్నీ ఒకే రోజు, అదీ పెళ్లికి ముందురోజే

కొత్త ఫేషియల్ ఏదైనా పెళ్లికి నెలముందే ఒకసారి చేసి చూడాలని, వ్యాక్సింగ్ రెండు మూడు రోజుల ముందు చేసి చర్మాన్ని ఊరడించాలని, బ్లీచ్‌కూ స్క్రబ్‌కూ మధ్య ఎడం ఉండాలని శిక్షణలో చెబుతారు. అలా చేస్తే ఆమె నాలుగైదుసార్లు వస్తుంది, మీరు నాలుగైదుసార్లు టవలు ఉతకాలి.

పెళ్లి ముందురోజు పొద్దున్నే రమ్మనండి. ముందు పైపెదవికి, గడ్డానికి వ్యాక్స్. ఆ మంట తగ్గకముందే బ్లీచ్. బ్లీచ్ పెట్టె మీద ఇన్ని నిమిషాలే ఉంచాలని రాసి ఉంటుంది. ఆమెకు బ్లీచ్ పూసి మీరు ఇంకొకరి ఐబ్రోస్‌కు వెళ్లండి, మధ్యలో టీ తాగండి. మండుతోందంటే "పనిచేస్తోంది" అని గదిలోంచే కేకవేయండి. కడిగాక కాఫీ స్క్రబ్. ఆ తర్వాత ఆవిరి. చివర్లో నల్లరంగు తలకు. నెలరోజులు రాత్రిపూట రాసిన స్పెషల్ క్రీముతో పలచబడిన చర్మం మీద ఇవన్నీ పడితే సాయంత్రానికి ముఖం ఉడికిన టమాటాలా అవుతుంది. కరెంటు పోయి ఉంటే మరీ మంచిది. చీకట్లో ఇంటికి పంపేయొచ్చు.

"ముందే ఎందుకు చేయలేదు?" అని తల్లి అడిగితే, "ముందే చేస్తే గ్లో ఆరిపోతుందమ్మా" అనండి. ఈ సమాధానానికి తిరుగులేదు.

7. శుభ్రత

ఒక టవలు, ఒక గిన్నె, ఒక బ్రష్షు చాలు. వ్యాక్స్ వడకట్టి మళ్లీ కరిగించండి. త్రెడింగ్ దారం కొస నోట్లో పెట్టుకోండి, మెడకు చుట్టుకునే దానికంటే చేతికి వీలు. బ్లేడు పడేయకుండా డెట్టాల్ చుక్క వేసిన నీళ్లలో ముంచి తుడవండి. రక్తం చుక్క తగిలిన బ్లేడుతో హెపటైటిస్ బీ లాంటివి ఒకరినుంచి ఒకరికి అంటుతాయని తెలిసినవాళ్లు కొత్త బ్లేడు అడుగుతారు. వాళ్లకోసం ఒక కొత్త బ్లేడు కవరు, ఖాళీది, బల్లమీద కనబడేలా పెట్టండి.

8. జుట్టు పని తలుపులు మూసి చేయండి

ఉంగరాల జుట్టు పిల్ల కనిపిస్తే వదలకండి. "కెరటిన్" అని చెప్పి జుట్టు నిటారుగా చేసే మందు పూయండి. ఇలాంటి చాలా మందులను ఇస్త్రీ చేసినట్టు వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే పదార్థంగా గుర్తించింది. 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఒక పేరున్న స్ట్రెయిటెనింగ్ మందు తయారీదారుకు హెచ్చరిక లేఖ కూడా పంపింది. గాలి బాగా ఆడే చోట చేయాలంటారు. అరకు చలిలో కిటికీ తెరిస్తే మీకు జలుబు చేస్తుంది. మూసేయండి. పెళ్లికూతురి కళ్లు నీళ్లు కారుతుంటే, పుట్టింటి మీద బెంగ అనుకుంటుంది తల్లి. రోజూ అదే గదిలో ఉండి మీ గొంతు కూడా మండుతుంది. రెండు లవంగాలు బుగ్గన పెట్టుకోండి.

తర్వాత తల కడగడం. బేసిన్ అంచుకు మెడ ఆనించి, తల వెనక్కి బాగా వంచి ఎంతసేపైనా ఉంచండి. మెడ కింద మడతపెట్టిన టవలు అడిగితే, ఉన్న ఒక్క టవలూ తడిగా ఉందని చెప్పండి. మెడ అలా వెనక్కి విరిచినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం నొక్కుకుని పక్షవాతం రావచ్చని 1993లోనే అమెరికాలో ఒక న్యూరాలజిస్టు రాశాడు. "బ్యూటీ పార్లర్ స్ట్రోక్" అన్న పేరు అప్పుడే వచ్చింది. 2022లో హైదరాబాద్ అపోలోలో పనిచేసే డాక్టర్ సుధీర్ కుమార్, పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా కళ్లు తిరిగి వాంతులు మొదలైన 50 ఏళ్ల మహిళ గురించి చెప్పారు. ఆమెకు వచ్చింది స్ట్రోకే. మీ కస్టమర్‌కు అలా తల తిరిగితే గ్లూకోజు నీళ్లిచ్చి బయట బెంచీమీద కూర్చోబెట్టండి. కుర్చీ ఖాళీ అయితేనే తర్వాతి పని సాగుతుంది.

9. సాకులు ముందే పోగేసుకోండి

తడబడితే పట్టుబడతారు. మంచి పార్లర్‌లో క్రీముల కంటే సాకులే ఎక్కువ నిల్వ ఉండాలి. ఏ సమయానికి ఏది వాడాలో చెబుతాను.

ఎర్రగా కందితే: "లోపలి విషాలన్నీ బయటికి వస్తున్నాయి." మొటిమలు లేస్తే: "బొంగు చికెన్ తిన్నావు కదూ!" తిననివాళ్లు అరకులో తక్కువ కాబట్టి ఇది దాదాపు ఎప్పుడూ తగులుతుంది. దురద పెడితే: "వలిసె పూల పుప్పొడి." పువ్వులు లేని కాలంలో: "కాఫీ తోటల్లో పురుగు పట్టింది." చర్మం పొట్టు రాలితే: "పాత చర్మం పోతోంది, కొత్తది వస్తోంది." కనుబొమ్మ ఒకటి పైకి ఒకటి కిందికి వస్తే: "నీ ముఖమే అలా ఉందమ్మా, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదా?" జుట్టు గుప్పెళ్లతో ఊడితే: "ఘాట్ రోడ్డులో జీపు కిటికీ తెరిచావు." మచ్చ పడితే: "దిష్టి."

దిష్టి చాలా శక్తిమంతమైన సాకు. దాని మీద తల్లి వాదించదు, వెంటనే ఉప్పు, మిరపకాయలు తీసుకొస్తుంది. తప్పు ఊళ్లో ఎవరో పక్కింటావిడ మీదికి పోతుంది. మీరు బుద్ధిగా పక్కన నిలబడి, "నేనూ అదే అనుకున్నా అత్తా" అనండి.

"ఏటక్కా, ఇలా అయిపోనాది?" అని పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే మొదటి మాటగా "నువ్వు ఇంటికెళ్లి ముఖానికి ఏం రాశావో ముందు అది చెప్పు" అనండి. ఏదో ఒకటి రాసే ఉంటుంది. కొబ్బరినూనైనా సరే. ఇక మాట్లాడాల్సింది ఆమే, మీరు కాదు.

10. బిల్లు రాయకండి

డబ్బు మాత్రం ముందే, పూర్తిగా తీసుకోండి. "ప్యాకేజీ 12,000" అని నోటితో చెప్పండి. ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో కాగితం మీద పెడితే ఒక్కోటీ లెక్కపెట్టుకుంటారు.

బిల్లు ఎందుకు వద్దంటున్నానంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద డబ్బు తీసుకుని చేసే పార్లర్ పని కూడా సేవే. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, జిల్లా కమిషన్‌కూ వెళ్లొచ్చు. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించారని ఒకావిడ వెళ్తే, 2021 సెప్టెంబరులో జాతీయ కమిషన్ 2 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వమంది. అంత మొత్తానికి ఆధారాలు ఎక్కడని 2023లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి వెనక్కి పంపింది. ఆధారం అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. బిల్లు, నిజం రాసిన కార్డు, క్రీము డబ్బా మీద పేరు, ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో, ఇవే ఆధారాలు. ఇవేవీ లేకపోతే మిగిలేది ఒక ఏడ్చే పిల్ల మాట, ఒక నవ్వుముఖం పార్లర్ అక్క మాట. ఫోన్‌పేలో కూడా మీ పేరున వేయించుకోకండి, పక్కనున్న ఫ్యాన్సీ షాపు కుర్రాడి నంబరుకు వేయించండి.

11. పెళ్లినాడు

ముహూర్తం తెల్లవారుజామునైతే మీ అదృష్టం, దీపాల వెలుగులో ఏదీ తేలదు. వాచిన ముఖం మీద ఫౌండేషన్ వేలి మందాన వేయండి. ఆమె రంగు కంటే మూడు షేడ్లు తెల్లటిది వేయండి, మెడ వదిలేయండి, మెడకు వేరే డబ్బులు మాట్లాడలేదు. పొట్టు రేగినచోట పౌడరు అద్దుతూ ఉండండి. నీళ్లకు తట్టుకునే మేకప్ ధర ఎక్కువ కాబట్టి మామూలుదే వాడండి. పెళ్లి అయ్యాక డప్పు, తుడుము మోగుతాయి. ఆడవాళ్లంతా ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసి థింసా మొదలుపెడతారు, పెళ్లికూతుర్నీ లాగుతారు. రెండు చుట్లు తిరిగేసరికి చెమటకు బుగ్గలు చారలు తేలి, కింది ఎర్రదనం బయటపడుతుంది. అప్పటికి మీరు అక్కడ ఉండకూడదు. తాళి పడగానే పెట్టె సర్దుకోండి. విశాఖలో సెమినారు ఉందని చెప్పండి.

బయల్దేరే ముందు ఆమెతో ఒక సెల్ఫీ తీసుకోండి. ఫోన్‌లో ఫిల్టరు పూర్తిగా పెంచి, తెల్లగా నున్నగా చేసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. వచ్చే పెళ్లికూతురు చూసేది ఆ ఫొటోనే. తర్వాత ఆమె నంబరు బ్లాక్ చేయండి, తల్లిదీ చేయండి, మేనమామది మరవకండి. గొడవకొచ్చేది సాధారణంగా మేనమామే.

చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వకండి. పాడేరు ఆసుపత్రికో విశాఖ కేజీహెచ్‌కో వెళ్తే అక్కడ మొదట అడిగేది "ముఖానికి ఏం రాశావు?" అనే. మీ తెల్లడబ్బా వాళ్ల బల్ల మీదికి చేరుతుంది.

12. ఊరు మారండి

ఇలా రెండు మూడు పెళ్లిళ్ల సీజన్లు గడిచాక సంతకు వచ్చే ఆడవాళ్లు మీ షాపు ముందు నుంచి కాకుండా అవతలి వరసలోంచి నడుస్తుంటే, అరకులో మీ పని విజయవంతంగా పూర్తయిందని అర్థం. అద్దె బాకీ ఉన్న నెలే బయల్దేరండి. కుర్చీ, అద్దం, స్టీమరు రాత్రిపూట ఆటోలో వేయించండి. చింతపల్లి వైపు వెళ్లండి. లంబసింగి మంచు చూడటానికి వచ్చే జనం ఏటా ఉంటారు. కొత్త బోర్డు మీద పాత పేరు పెట్టకండి, "పారిస్ గ్లో, అనుభవం 10 ఏళ్లు" అని రాయించండి. ఎండలో ఆరిన పాత కాఫీపిప్పి సంచి మాత్రం వెంట తీసుకెళ్లండి. మొదటి పెళ్లికూతురు వచ్చేలోగా మళ్లీ పోగుచేయడం కష్టం.